ఫోనుతో దొరికిన మంచం

శ్రీపతిరావు మీద పోటీకి ఎవరు నిలబడతారని నారాయణగూడ పార్టీ ఆఫీసులో అడిగినప్పుడు అందరూ తలలు వంచుకుని చాప కేసి చూస్తూ కూర్చున్నారు. గోవర్ధన్ ఒక్కడే లేచాడు. నిజానికి అతను లేచింది పోటీకి కాదు. అంతసేపు ఒకచోట కూర్చోవడం అతనివల్ల కాదు. కిటికీ దగ్గర కాసేపు నిలబడదామని లేచాడు. ఈలోగా చప్పట్లు మోగాయి. కాదనడానికి నోరు తెరిచి, ఎందుకనో మళ్ళీ మూసేశాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే జయశ్రీ పిల్లల పలకలు దిద్దుతున్నదల్లా తలెత్తి చూసింది. ఆమె చిక్కడపల్లిలో చిన్నపిల్లల బడి పంతులమ్మ.

"గెలిచెటందుకా, నిలబడెటందుకా?" అంది.

"ఇప్పటికైతే నిలబడెటందుకే."

"అట్లయితే పరేషాన్ లేదు తియ్యుండ్రి. నిలబడుడు మీకు అలవాటే."

గోవర్ధన్ అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. అదీ నిలబడి చేసే పనే. ముప్పై ఆరేళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. సోషలిస్టు పార్టీలో పదేళ్ళుగా జెండాలు కట్టాడు, గోడలు రాశాడు, లాఠీ దెబ్బలు కూడా తిన్నాడు. ఓట్లడగడం మాత్రం కొత్త.

శ్రీపతిరావుకు అది కొత్త కాదు. ఆ వార్డు నుంచి కార్పొరేషన్‌కు గెలుస్తూనే ఉన్నాడు. నిజాం కాలంలో జైలుకెళ్ళిన మనిషి, తెల్లటి ఖాదీ లాల్చీ, మెత్తటి మాట. చిక్కడపల్లిలో ఆయన ఇంటి వరండాలో పొద్దున్నే జనం గుమిగూడేవారు. ఒకరికి బళ్ళో సీటు, ఒకరికి నల్లా కనెక్షన్, ఒకరి కొడుకును పోలీసులు పట్టుకెళ్ళారు. ఆయన అందరి మాటా విని, బల్ల మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంచిన ఫోను తీసేవాడు. ఆ చుట్టుపక్కల ఫోనున్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అటువైపు ఎవరో 'జీ' అనేవారు. పని అయిపోయేది. దీనికి ఆయన ఎవరి దగ్గరా పైసా ముట్టుకున్నది లేదు.

అందుకే గోవర్ధన్ మాట జనానికి వింతగా ఉండేది. "నల్లా కార్పొరేషన్‌ది. బడి సర్కారుది. దవాఖాన మనందరిది. మనదాన్ని మనకిచ్చేటందుకు నడుమ ఆయన ఫోను ఎందుకు?" అని వీధి మలుపుల్లో అరిచేవాడు. వినేవాళ్ళు తలలూపేవారు. ఊపి, మర్నాడు పొద్దున అదే వరండాకు వెళ్ళేవారు.

అశోక్‌నగర్‌లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగుల ఇళ్ళ చుట్టూ అతన్ని తిప్పింది విశ్వేశ్వరరావు. ఏలూరు వైపు మనిషి, ఇన్సూరెన్స్ ఏజెంటు, పార్టీలో పాత కాపు. స్థానికులు, బయటివాళ్ళు అనే ముల్కీ, నాన్‌ముల్కీ గొడవ అప్పటికింకా మళ్ళీ వీధికెక్కలేదు గానీ అరుగుల మీద మొదలైంది. 'వాళ్ళ మనిషిని ఎంట తిప్పుకుంటున్నవేంది?' అని ఇటువైపు వాళ్ళూ, 'లోకల్ వాడికి ఓటేయమంటావేంటయ్యా?' అని అటువైపు వాళ్ళూ గొణిగేవారు. ఇద్దరూ ఆ మాటలు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవారు. నవ్వాక గోవర్ధన్‌కు మనసు ఎక్కడో గీసుకున్నట్టుండేది. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చేవారు. "మీరు చెప్పేది న్యాయమేనండీ. కానీ మా వాడికి కాలేజీలో సీటు ఆయనే ఇప్పించారు కదండీ," అనేవారు.

మురుగునీటి నాలా పక్క గుడిసెల్లో మాత్రం కథ వేరుగా నడిచింది. అక్కడ మాసమ్మ ఉండేది. అశోక్‌నగర్‌లో కొత్తగా లేచిన ఇళ్ళలో సగానికి ఇటుకలు మోసింది ఆమే. ఆ ఇళ్ళన్నిటికీ నల్లాలు వచ్చాయి, ఆమె గుడిసెల వరసకు రాలేదు. గోవర్ధన్ మొదటిసారి వెళ్ళినప్పుడు మాసమ్మ చేతులు కట్టుకుని మొత్తం విన్నది.

"హక్కంటవు. హక్కంటే అడుక్కునే పని లేదనే కదా?" అంది.

"అంతే అక్కా."

"మరి ఎట్ల దెచ్చుకోవాలె?"

"అందరం కలిసి పోయి తెచ్చుకోవాలె."

మర్నాడే ఆమె ముప్పై మంది ఆడవాళ్ళతో ఖాళీ బిందెలు మోగించుకుంటూ నీళ్ళ ఆఫీసు ముందు కూర్చుంది. సాయంత్రానికి ఒక కుళాయి వేస్తామని ఒప్పుకున్నారు, వారంలో వేశారు కూడా. అప్పటి నుంచి గోవర్ధన్ ఊరేగింపు మాసమ్మ వెనకాల నడిచింది. రాంనగర్ వైపు నుంచి కూడా మనుషులు వచ్చి చూసి వెళ్ళేవారు. శ్రీపతిరావు దగ్గర పనులు చక్కబెట్టే బాలకిషన్ మొదట్లో ఎగతాళి చేసినవాడు, ఇప్పుడు జీపు మీద మైకు పెట్టి రోజంతా తిరగడం మొదలుపెట్టాడు.

గెలుస్తామేమో అన్న ఊహ వచ్చినప్పటి నుంచి గోవర్ధన్‌కు అన్నం సయించడం మానేసింది. ఓడిపోతానని తెలిసినన్నాళ్ళు కంటినిండా నిద్రపోయాడు. ఇప్పుడు ఎండలో సైకిలేసుకుని తిరిగిన గల్లీలోనే మళ్ళీ తిరిగేవాడు. ఒక ఇంట్లో ఏమన్నారో పక్కింటికి వెళ్ళేసరికి మరిచిపోయేవాడు. రాసిన గోడను మళ్ళీ రాయించాడు. "ఆ సున్నం ఆరనివ్వుండ్రి జర," అని జయశ్రీ మందలించింది.

పోలింగు ఇంకో వారం ఉందనగా, ఒక మిట్టమధ్యాహ్నం, మాసమ్మ కూతురు నర్సింహమ్మకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, తన చేతిలో లేదు, దవాఖానకు తీసుకుపొమ్మంది. గోవర్ధన్ అప్పుడు ఆ వరసలోనే కరపత్రాలు పంచుతున్నాడు. కరపత్రాలు అక్కడే వదిలేసి రిక్షా పిలుచుకొచ్చాడు. తల్లీకూతుళ్ళు రిక్షాలో, అతను సైకిలు మీద, పెద్ద దవాఖానకు చేరారు.

మంచాలు లేవన్నారు.

గోవర్ధన్ గట్టిగా అడిగాడు. మీటింగుల్లో జనాన్ని నిలబెట్టే గొంతు అది, ఆ వసారాలో గోడకు తగిలి తిరిగొచ్చింది. కూర్చున్న గుమాస్తా చిరాకు కూడా పడలేదు. రోజూ ఇలాంటివి చాలా వినే మనిషి. "మంచాలు నేను కంటనా అన్నా? వరండల గూడ జాగ లేదు. ఎవలన్న పెద్దమనిషితోని చెప్పించుండ్రి, డాక్టరమ్మ చూస్తది," అన్నాడు మామూలుగా.

నర్సింహమ్మ మెట్ల మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది. అరవడం మానేసింది. ఆ అరవకపోవడమే గోవర్ధన్‌కు భయమేసింది. మాసమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని అతనికేసి చూసింది.

"అన్నా, ఆయన ఫోన్ చేస్తె అయితదంట," అంది.

గోవర్ధన్ మెట్లు దిగాడు. సైకిలెక్కాడు.

దారి పొడుగునా ఎండ ముఖాన కొట్టింది. సుల్తాన్‌బజార్ రద్దీలో రెండుసార్లు దిగి సైకిలు తోసుకుంటూ పరుగెత్తాడు. నారాయణగూడ దాటాక గోడ మీద తన పేరే కనబడింది, కింద తను కూర్చిన మాటలే. అతనికి సిగ్గు వేయలేదు, అందుకు తీరికే లేదు. పెడలు మీద కాలు జారుతోంది, చెమట కళ్ళలోకి కారుతోంది. ఆయన ఇంట్లో ఉండాలి, ఆయన ఇంట్లో ఉండాలి అనుకుంటూ తొక్కాడు. ఇన్నాళ్ళుగా ఎవరి ఫోను వద్దని అరుస్తున్నాడో ఆ మనిషి ఇంట్లో ఉండాలని అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

గేటు దగ్గర బాలకిషన్ ఉన్నాడు. చూసి నోరంతా తెరిచి నవ్వాడు. "ఏందన్నా, తొవ్వ తప్పినవా?"

"సాబ్ ఉన్నడా?"

"తింటున్నడు. కూసో. అందరు కూసున్నట్టె కూసో."

గోవర్ధన్ అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ అలికిడికి శ్రీపతిరావు ఎంగిలి చేత్తోనే వరండాలోకి వచ్చాడు. గోవర్ధన్ ముఖం చూసి, "ఎవలికి?" అన్నాడు.

"మాసమ్మ బిడ్డకు. కాన్పు. అడ్డం తిరిగింది. మంచం లేదంటున్నరు."

ఆయన ఇంకేమీ అడగలేదు. చేయి కడుక్కోకుండా ఎడమ చేత్తో ఫోను తీశాడు. ఒక పేరు చెప్పాడు, ఇంకో పేరు చెప్పాడు, "నా బిడ్డనుకో" అన్నాడు. పెట్టేసి, "పో. డాక్టరమ్మ చూస్తది," అని, అప్పుడు చేయి కడుక్కున్నాడు. ఇంట్లోంచి ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. గోవర్ధన్ నిలబడే తాగాడు.

"మీ మేలు..." అని ఏదో అనబోయాడు.

"మేలు గీలు తియ్యి," అన్నాడు శ్రీపతిరావు. మెల్లగానే అన్నాడు. "ఒక్క మాట చెప్పు గోవర్ధన్. నువ్వు గెలుస్తవనుకో. నీ ఇంట్ల గూడ ఫోన్ పెడతరు. ఒకడు ఇట్లనే చెమటలు గక్కుకుంట వస్తడు. హక్కు గురించి చెప్తవా, ఫోన్ చేస్తవా?"

గోవర్ధన్ ఫోను కేసి చూశాడు. చెంబు కింద పెట్టి బయటికొచ్చాడు.

అతను దవాఖానకు చేరేసరికి నర్సింహమ్మను లోపలికి తీసుకెళ్తున్నారు. వార్డులో గోడవైపు ఇనుప మంచం మీద ఇంకో ఆడమనిషి ఉంది. ఆమెకూ నొప్పులే. ఆయా ఆమె భుజం పట్టుకుని దింపుతోంది. ఆమె మంచం కమ్మీ వదలడం లేదు. పక్కన ఖాకీ ప్యాంటు వేసుకున్న భర్త, చేతిలో టిఫిన్ డబ్బా.

"పొద్దుగాలనే పండబెట్టిన్రు గదమ్మా," అంటున్నాడతను.

"నేనేం జెయ్యాలె? ఫోనొచ్చింది. జరసేపు కింద పండుకోమను, ఇంకో మంచం ఖాళీ అయితె ఎక్కిస్త," అంది ఆయా. ఆమె గొంతులో కూడా కోపం లేదు, అలసట మాత్రమే ఉంది.

చాప పరిచారు. ఆమెను కిందికి దించారు. ఖాళీ అయిన మంచం మీద నర్సింహమ్మను పడుకోబెట్టారు. ఖాకీ ప్యాంటు అతను తలెత్తి గోవర్ధన్ కేసి చూశాడు. తిట్టలేదు. "మాది రాంనగరన్నా," అన్నాడు, అదేదో పనికొచ్చే మాటైనట్టు. గోవర్ధన్ తల దించుకున్నాడు. ఆగండి అనాలనుకున్నాడు, కానీ నర్సింహమ్మ కాళ్ళు అప్పటికే చల్లబడుతున్నాయి. పేరైనా అడగాలనుకున్నాడు. అడగలేదు. డాక్టరమ్మ వచ్చింది, మగవాళ్ళను బయటికి పొమ్మన్నారు.

పొద్దుగూకే వేళకు కోసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. తల్లి బతికింది. మాసమ్మ వసారాలో కూలబడి కొంగులో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాటికి బాలకిషన్ మైకు అశోక్‌నగర్ అంతా తిరిగింది. "ఫోను వద్దన్న సోషలిస్టు, సాబ్ గడప తొక్కిండు!" పిల్లలు దాన్ని పాటలా అందుకున్నారు. విశ్వేశ్వరరావు ఆయాసపడుతూ వచ్చాడు.

"ఎంత పని చేశారండీ! నాతో ఒక్కమాట చెబితే నేను వెళ్ళేవాణ్ణి కాదూ? ఇప్పుడు ఏం చెబుతాం? వెళ్ళలేదని చెబుదామంటున్నారు మనవాళ్ళు."

"నేను పోయిన గదా."

"పోయారు. తెలుసు. కానీ..."

జయశ్రీ లోపలినుంచి వచ్చింది. "పోయినరు కాబట్టి పోయినరనే చెప్పాలె. ఒక పిల్ల బతికింది. దాంట్ల దాచేటిది ఏమున్నదన్నా?" అంది.

గోవర్ధన్ ఇద్దరి మాటా వింటూ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తున్నాడు. వాళ్ళిద్దరికీ తెలియని సంగతి ఒకటి అతని లోపల మెసులుతోంది. ఆ పొద్దున దవాఖానకు వెళ్ళి వచ్చాడు. చాప లేదు, దాని మీద ఉన్న ఆడమనిషీ లేదు. అడిగితే, రాంనగర్ వాళ్ళు చాలామంది వస్తారు, ఎవరని చెప్పాలి అన్నారు.

ఆఖరి మీటింగు చిక్కడపల్లి చౌరస్తాలో. జనం ఎన్నడూ లేనంత మంది వచ్చారు. సగం మంది తమాషా చూడటానికి వచ్చిన వాళ్ళే. అతను లేవగానే ఎవరో "ఫోన్ చెయ్యన్నా!" అని కేక పెట్టారు. నవ్వులు.

"చేయించిన," అన్నాడు గోవర్ధన్. నవ్వులు ఆగాయి. "శ్రీపతిరావు సాబ్ గడప తొక్కిన. ఫోన్ చెయ్యమని అడిగిన. ఆయన ఎంగిలి చెయ్యి గూడ కడుక్కోకుంట చేసిండు. ఈడికెల్లి ఆయనకు దండం పెడుతున్న. గసొంటి గడియ మళ్ల వస్తె మళ్ల పోత."

శ్రీపతిరావు వైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మాసమ్మ కదలకుండా కూర్చుంది.

"కానీ ఆ మైకు చెప్పని సంగతి ఒకటున్నది. ఆ మంచం ఫోన్లకెల్లి ఊడిపడలే. ఇంకో ఆడమనిషిని కిందికి దించిన్రు. ఆమెకు గూడ నొప్పులే. రాంనగర్ ఆమె. పేరు నాకెర్క లేదు. అడిగెటందుకు నాకు మొకం చెల్లలే. నేనే నిలబడి చూసిన." ముఖం తుడుచుకున్నాడు. ఎవరూ అరవలేదు. "సాబ్ ఒక మాట అడిగిండు, గెలిస్తె నువ్వేం జేస్తవని. నాకు జవాబు దొరకలే. ఇప్పటికీ దొరకలే. ఒక్కటి మాత్రం చెప్త. ఆయన ఫోన్ తెచ్చి నా ఇంట్ల పెట్టెటందుకైతే నాకు ఓటెయ్యకుండ్రి. దవాఖానల ఇంకిన్ని మంచాలు కావాలంటె ఎయ్యిండ్రి."

 దిగిపోయాడు. విశ్వేశ్వరరావు అతని భుజం మీద చెయ్యేసి, "బాగా చెప్పారండీ. ఓట్లు మాత్రం పోయినట్టే," అన్నాడు.

పోయాయి. రెండు వందల చిల్లర తేడాతో ఓడిపోయాడు. ఆశ్చర్యమేమిటంటే అశోక్‌నగర్ ఇళ్ళలో అతనికి అనుకున్నదానికంటే ఎక్కువ పడ్డాయి. పోయింది నాలా పక్క గుడిసెల్లో. అక్కడ సగానికి సగం శ్రీపతిరావుకే పడ్డాయని బూత్ దగ్గర కూర్చున్న పార్టీ వాళ్ళు చెప్పారు.

ఆ సాయంత్రం మాసమ్మ ఇంటికొచ్చింది. గడప బయటే నిలబడింది.

"అన్నా, నీ మొకం మీదనే చెప్తున్న. నా ఓటు ఆయనకే ఏసిన. నా బిడ్డను బతికిచ్చిండు, నేను ఎట్ల ఎయ్యకుంట? మావోళ్ళు అడిగితె గూడ మీ ఇష్టం అన్న గని నీకెయ్యమనలే."

గోవర్ధన్ గడప దాకా వచ్చాడు. "హక్కని చెప్పింది మరిచినవా?" అన్నాడు.

"మరువలే. మొన్న మెట్ల మీద నా బిడ్డ సచ్చిపోతుంటె హక్కు ఎటు పోయింది?"

అతను చెప్పులేసుకుని ఆమె పక్కనుంచే బయటికి నడిచాడు. నల్లకుంట దాకా నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు. ఎవరో పలకరిస్తే పలకలేదు. తనను ఓడించింది బాలకిషన్ మైకైతే ఇంత మండేది కాదు. తిరిగొచ్చేసరికి మాసమ్మ వెళ్ళిపోయింది. జయశ్రీ చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆమె మీద కోపమా, మీ మీదనా?"

"నేనేం చేసిన?"

"ఆ రాంనగర్ ఆమె సంగతి మీటింగుల చెప్పినరు గని నాకు చెప్పలే. నాకు చెప్తె ఎల్లి వెతుకుదామంటనని భయపడ్డరు."

గోవర్ధన్ చాయ్ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. ఆమె అన్నది నిజం.

మూడోనాడు అచ్చాఫీసు గుమ్మంలో మళ్ళీ మాసమ్మే కనబడింది. ఈసారి పలకరింపులేవీ లేవు. "ఆమె దొరికింది. నువ్వు మీటింగుల చెప్పినకాడికెల్లి నాకు బువ్వ సైస్తలేదు. కూలికి పోకుంట రాంనగర్ గల్లీలన్ని తిరిగిన. పా, పోదాం," అంది.

రాంనగర్‌లో ఒక కిరాయి గది. ఖాకీ ప్యాంటు అతని పేరు బీరయ్య, బస్సుల డిపోలో పని. అతను గోవర్ధన్‌ను వెంటనే గుర్తుపట్టాడు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు, పక్కకు జరిగాడు. గదిలో ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఉయ్యాల లేదు. చూడగానే అర్థమైంది.

"పిలగాడు దక్కలే," అన్నాడు బీరయ్య. "మళ్ల ఇంకో మంచం ఎక్కించిన్రు, పొద్దుపోయినంక."

 ఆమే అడిగింది, గోవర్ధన్‌నే సూటిగా చూస్తూ. "ఆ మంచం మీదనే ఉంటె బతుకునా అన్నా?"

"నాకెర్క లేదు తల్లీ," అన్నాడతను.

"డాక్టరమ్మ ఏం చెప్పలే. నొసట గట్లనే రాసిపెట్టున్నది అంటది మా అత్త." ఆమె గొంతులో నింద లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నింద ఉంటే గోవర్ధన్ తట్టుకునేవాడేమో. గది చిన్నది, నడవడానికి జాగా లేదు. అతను అక్కడే నిలబడి గోడ మీద పెచ్చులూడిన చోటు చూశాడు. మాసమ్మ వెళ్ళి ఆమె పక్కన కూలబడింది. రెండు చేతుల్లోకి ఆమె చెయ్యి తీసుకుంది. "ఆ మంచం ఎక్కింది నా బిడ్డనే," అంది. అంది, ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది. చివరికి ఆ పిల్లే మాసమ్మ వీపు నిమరాల్సి వచ్చింది.

వస్తుంటే బీరయ్య గల్లీ చివరిదాకా వచ్చాడు. "ఇప్పుడేం జేస్తరు?" అన్నాడు.

గోవర్ధన్ ఈసారి నోరు తెరవడానికి ముందే మాసమ్మ అంది. "దవాఖాన ముంగట కూసుంటం. నల్లా కోసం కూసోలేదా? నువ్వు గూడ రా."

కూర్చున్నారు. మొదటి రోజు గుడిసెల ఆడవాళ్ళు. రెండో రోజు డిపో నుంచి బీరయ్య తోటివాళ్ళు. జయశ్రీ బడి వదలగానే ఇంకో ఇద్దరు పంతులమ్మలను తీసుకొచ్చింది. విశ్వేశ్వరరావు అశోక్‌నగర్ ఇళ్ళలో తిరిగి జనాన్ని పోగుచేశాడు. కాఫీలిచ్చిన వాళ్ళలో కొందరు నిజంగానే వచ్చారు. పోలీసులొచ్చి లేపారు, మళ్ళీ కూర్చున్నారు. వారం తిరిగాక శ్రీపతిరావు కారు దిగాడు. తిన్నగా గోవర్ధన్ దగ్గరికొచ్చాడు.

"నాతోని ఒక్కమాట చెప్తె అయిపోతుండె గదా?" అన్నాడు.

"అందుకే చెప్పలే సాబ్," అన్నాడు గోవర్ధన్.

ఆయన కాసేపు జనాన్ని చూశాడు. బీరయ్యను చూశాడు. ఎవరో ఆయనకు చెవిలో ఏదో చెప్పారు. ముఖం మీది మెత్తదనం తగ్గి, ఒక్కసారిగా ముసలివాడిలా కనబడ్డాడు. "ఆ పొద్దు మంచం ఈయన పెండ్లాందా?" అని అడిగాడు. అవునన్నారు. దవాఖాన లోపలికి వెళ్ళాడు.

వానలు వెనకబట్టే వేళకు దవాఖాన పెరట్లో రేకుల షెడ్డు లేచింది, లోపల కొత్త ఇనుప మంచాలు. రిబ్బను కత్తిరించింది శ్రీపతిరావే. పేరూ ఆయనకే వచ్చింది. బాలకిషన్ లడ్డూలు పంచాడు. మాసమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చి రెండు లడ్డూలు తీసుకుంది.

గోవర్ధన్ జనంలోంచి బయటపడి గేటు దగ్గరికి వచ్చేసరికి బీరయ్య అక్కడే ఉన్నాడు, లోపలికి రాలేదు. ఇద్దరూ కాసేపు రేకుల మీద మెరిసే ఎండ చూశారు.

"మంచాలు నిండినంక మళ్ల దించుతరన్నా," అన్నాడు బీరయ్య.

"దించుతరు. ఎవలన్న ఈడ ఉండి చూడాలె. పొద్దున పనికి పోయెటందుకు ముందు నేను వస్త. దినాం వస్త."

బీరయ్య ఆలోచించాడు. "నాకు రేపటిసంది పొద్దటి డ్యూటీ. సాయంత్రం నేనుంట," అని, సైకిలు స్టాండు తీసి, డిపో వైపు తిప్పాడు.